చైనా అంతరిక్ష పథకం: స్పేర్ నౌకల పద్ధతి ఎక్కడిదాకా పనిచేస్తుంది?

2025 నవంబరు 5న తియాన్‌గాంగ్ అంతరిక్ష కేంద్రం నుంచి ముగ్గురు చైనా వ్యోమగాములు షెన్‌జౌ-20 నౌకలో భూమికి దిగాల్సి ఉంది. దిగలేదు. నౌకను అంతరిక్ష శకలం ఏదో తాకినట్టు అనుమానం ఉందనీ, ప్రయాణం వాయిదా వేస్తున్నామనీ చైనా మానవ సహిత అంతరిక్ష సంస్థ ప్రకటించింది. తొమ్మిది రోజుల తర్వాత, నవంబరు 14న, వాళ్లు తమ తర్వాతి బృందం వచ్చిన షెన్‌జౌ-21 నౌకలో క్షేమంగా తిరిగి వచ్చారు. నవంబరు 25న మనుషులు లేని షెన్‌జౌ-22 కేంద్రానికి చేరింది. దెబ్బతిన్న షెన్‌జౌ-20 ఖాళీగా 2026 జనవరి 19న నేలకు దిగింది.

ఈ రెండున్నర నెలల వ్యవహారం అర్థమైతే చైనా కార్యక్రమం ఎలా నడుస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. 2030 లోపు చంద్రుడి మీద మనిషిని దించుతామన్న లక్ష్యంలో ఏది గట్టిగా ఉంది, ఏది ఇంకా తేలలేదు అన్నది కూడా ఇక్కడి నుంచే అంచనా వేయవచ్చు.

క్లుప్తంగా

ముఖ్యమైన నౌకల్లో చాలావాటికి చైనా రెండో ప్రతి తయారుచేసి పెట్టుకుంటుంది. మొదటిది విఫలమైతే రెండోది దాని స్థానంలో వెళ్తుంది. సఫలమైతే అంతకంటే కష్టమైన పనికి వెళ్తుంది. చంద్రుడి ఆవలి వైపు చేరడం, అక్కడి మట్టి తేవడం ఈ పద్ధతి ఫలితాలే. అయితే డిజైన్‌లోనే లోపం ఉన్నప్పుడు స్పేర్ ఉపయోగపడదు. వేల ఉపగ్రహాలను చౌకగా పంపాల్సిన పనికి అది సరిపోదు. చంద్రుడి కక్ష్యలో ఆపద వస్తే అక్కడికి స్పేర్ పంపడం ఇంకా కష్టం.

షెన్‌జౌ-20 కిటికీకి ఏమైంది

షెన్‌జౌ నౌకలో మూడు భాగాలు ఉంటాయి: ముందువైపు కక్ష్యా గది, మధ్యలో వ్యోమగాములు కూర్చుని దిగే రిటర్న్ క్యాప్సూల్, వెనక ఇంజిన్లూ సౌర ఫలకాలూ ఉండే సర్వీస్ మాడ్యూల్. భూమికి చేరేది మధ్య భాగం ఒక్కటే. దాని కిటికీకి పలు పొరల అద్దాలు ఉంటాయి. అన్నిటికంటే బయట ఉండే అద్దం వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు పుట్టే వేడిని కాచుకుంటుంది. లోపలి అద్దాలు క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని పట్టి ఉంచుతాయి. పగుళ్లు కనిపించింది కిటికీ బయటి వైపున.

కక్ష్యలో ఉన్నంతసేపూ ఆ పగులు ప్రాణాంతకం కాదు. దిగేటప్పుడే సమస్య. వేడి, కంపనం, ఒత్తిడి మార్పు మూడూ ఒకేసారి పడినప్పుడు పగిలిన అద్దం ఊడిపోతే, వేడిని తట్టుకోవడానికి తయారుచేయని లోపలి పొర నేరుగా దానికి ఎదురవుతుంది. అదీ పోతే క్యాబిన్‌లో గాలి నిలవదు. అలా జరిగే అవకాశం తక్కువే కావచ్చు, కానీ పైన ఉండి లెక్కగట్టి తేల్చుకోగలిగిన విషయం కాదు. అందుకే మనుషులను అందులో ఎక్కించకూడదని నిర్ణయించారు.

ఆ శకలం మిల్లీమీటరు కంటే చిన్నదని చైనా ఇంజినీర్ల ప్రాథమిక అంచనా. అంత చిన్నది అద్దాన్ని ఎలా పగలగొట్టిందన్న సందేహం సహజం. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న అల్యూమినియం గుండు బరువు సుమారు 1.4 మిల్లీగ్రాములు. సెకనుకు 10 కిలోమీటర్ల సాపేక్ష వేగంతో తాకితే దాని శక్తి 70 జౌళ్లు. ఏడు కిలోల రాయి మీటరు ఎత్తు నుంచి పడితే వచ్చే శక్తి అది, కాకపోతే మొత్తం ఒక్క చుక్క మీద పడుతుంది. భూమి మీది రాడార్లు ఈ ఎత్తుల్లో క్రమం తప్పకుండా గుర్తించి వెంబడించగలిగేది సుమారు 10 సెంటీమీటర్లు, అంతకంటే పెద్ద శకలాలను. మిల్లీమీటరు ముక్కను ముందే చూసి తప్పుకునే మార్గం లేదు. అది ఏ దేశపు రాకెట్‌దో, ఏ ఉపగ్రహానిదో చెప్పడమూ సాధ్యం కాదు.

శకలాల రద్దీలో చైనా వాటా మాత్రం తక్కువేమీ కాదు. 2007 జనవరిలో తన పాత వాతావరణ ఉపగ్రహం ఫెంగ్‌యున్-1సీని సుమారు 860 కిలోమీటర్ల ఎత్తులో క్షిపణితో పేల్చినప్పుడు, గుర్తించగలిగిన ముక్కలే 3 వేలకు పైగా పుట్టాయి. ఆ ఎత్తులో గాలి దాదాపు ఉండదు కాబట్టి వాటిలో చాలా భాగం దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉంటాయి. 2024 ఆగస్టులో లాంగ్‌మార్చ్-6ఎ రాకెట్ పైదశ కక్ష్యలో ముక్కలై మరికొన్ని వందల శకలాలను కలిపింది. పని ముగిసిన పైదశలో మిగిలిన ఇంధనాన్ని, ఒత్తిడిని ఖాళీ చేయడం, వీలైతే దాన్ని కిందకు దించేయడం ఈ తరహా పేలుళ్లకు తెలిసిన మందు.

20 రోజుల్లో మరో నౌక ఎలా వచ్చింది

2021 నుంచి, అంటే తియాన్‌గాంగ్‌లో మనుషులు ఉండడం మొదలైనప్పటి నుంచి, చైనా ఒక నియమం పెట్టుకుంది. ఒక షెన్‌జౌ ఎగిరేటప్పుడు, దాని తర్వాతి నౌకా రాకెట్టూ గోబీ ఎడారిలోని జియుక్వాన్ కేంద్రంలో స్టాండ్‌బైగా ఉండాలి. మొదటిది క్షేమంగా తిరిగొస్తే స్టాండ్‌బై నౌకే తర్వాతి బృందాన్ని తీసుకెళ్తుంది, మరొకటి దాని స్థానంలోకి వస్తుంది. అదనంగా కట్టిన నౌక అంటూ ఒకటి పక్కన మూలుగుతూ ఉండదు. ఎలాగూ కట్టాల్సిన నౌకనే ఆరు నెలలు ముందుగా కడతారు. అయ్యే అదనపు ఖర్చల్లా ఆ ముందస్తు పెట్టుబడీ, భద్రపరచడమూ.

నవంబరు 5న వాయిదా ప్రకటన వచ్చింది. నవంబరు 25న షెన్‌జౌ-22ను లాంగ్‌మార్చ్-2ఎఫ్ మోసుకెళ్లింది. అందులో ఆహారం, విడిభాగాలతో పాటు, పగిలిన కిటికీకి అమర్చే ప్రత్యేక పరికరాన్నీ పంపారు.

పోలికకు రష్యా సోయుజ్ ఎంఎస్-22 సరిగ్గా సరిపోతుంది. 2022 డిసెంబరులో అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అతుక్కుని ఉండగా దాని శీతలీకరణ ద్రవం కారిపోయింది. బదులుగా ఖాళీ సోయుజ్ ఎంఎస్-23ను పంపడానికి 70 రోజులకు పైగా పట్టింది. ఆ నౌక మార్చిలో ఎగరడానికి తయారవుతోందే తప్ప అత్యవసరానికి సిద్ధంగా లేదు. మధ్యలో ఒక సరకు నౌకలోనూ అదే తరహా లీకు కనిపించడంతో విచారణ మరింత ఆలస్యమైంది. ఆరు నెలల కోసం వెళ్లిన ముగ్గురూ 371 రోజులు ఉండాల్సి వచ్చింది.

చైనాకు ఈ నియమం విలాసం కాదు. అంతర్జాతీయ కేంద్రంలో ఒక నౌక పాడైతే కనీసం మరో దేశపు నౌక పక్కనే ఉంటుంది. తియాన్‌గాంగ్‌కు షెన్‌జౌ తప్ప మనుషులను దించే నౌక మరొకటి లేదు. చైనా ప్రభుత్వంతో నాసా నేరుగా పనిచేయాలంటే ముందస్తు ప్రత్యేక అనుమతి ఉండాలన్న అమెరికా చట్ట నిబంధన, వుల్ఫ్ సవరణ, 2011 నుంచి అమల్లో ఉంది. సొంత కేంద్రం కట్టుకోవాల్సి వచ్చిన పరిస్థితే, ఆపద వేళ సొంతంగా గట్టెక్కే ఏర్పాటునూ తప్పనిసరి చేసింది.

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఒక సందు మిగిలింది. నవంబరు 14న షెన్‌జౌ-21 నౌకను పాత బృందం తీసుకుపోయాక, 25న కొత్తది వచ్చేదాకా, పైన మిగిలిన ముగ్గురికీ నమ్మదగిన తిరుగు నౌక లేదు. 11 రోజుల పాటు వాళ్లకు అందుబాటులో ఉన్నది పగిలిన కిటికీ నౌక ఒక్కటే. ఆరుగురినీ పైనే ఉంచి కొత్త నౌక వచ్చాక దించవచ్చు కదా అంటే, తియాన్‌గాంగ్ ప్రాణాధార వ్యవస్థలు ముగ్గురి దీర్ఘకాల నివాసానికి కట్టినవి. బృందాలు మారే కొద్ది రోజులకే ఆరుగురికి సరిపోతాయి. రెండు ప్రమాదాల్లో చిన్నదాన్ని ఎంచుకున్నారు.

చంద్రుడి దారిలో జంట నౌకలు

స్పేర్ కట్టుకోవడం మానవ యాత్రలతో మొదలైన అలవాటు కాదు. చాంగె చంద్ర నౌకలు మొదటి నుంచీ జంటలుగా వచ్చాయి.

2007లో వెళ్లిన చాంగె-1 ఆర్బిటర్ బాగా పనిచేయడంతో దాని స్పేర్ మిగిలిపోయింది. కెమెరా మెరుగుపరిచి దాన్ని 2010లో చాంగె-2గా పంపారు. తర్వాతి ల్యాండర్ దిగాల్సిన చోటును దగ్గరగా ఫొటోలు తీశాక, మిగిలిన ఇంధనంతో అది చంద్రుడిని వదిలి, 2012 డిసెంబరులో టౌటాటిస్ గ్రహశకలం పక్కనుంచి దూసుకెళ్లింది. 2013 డిసెంబరు 14న చాంగె-3 దిగింది. దాని రోవర్ యుటు రెండో చాంద్ర దినం (ఒక్కోటి భూమి మీద దాదాపు నెల) నాటికే కదలలేని స్థితికి వచ్చింది. ఆ లోపాలను స్పేర్‌లో సరిదిద్దడానికి సమయం దొరికింది. అదే చాంగె-4. 2019 జనవరి 3న ఆవలి వైపు, వాన్ కార్మాన్ బిలంలో దిగి, అక్కడ కూలకుండా దిగిన మొదటి నౌకగా నిలిచింది. దాని రోవర్ యుటు-2 ఏళ్ల తరబడి నడిచింది.

ఆవలి వైపు దిగాలంటే ల్యాండర్ ఒక్కటే చాలదు. చంద్రుడే అడ్డు కావడంతో అక్కడి నుంచి భూమికి రేడియో సంకేతాలు నేరుగా రావు. అందుకే చంద్రుడికి ఆవల ఉన్న రెండో లగ్రాంజ్ బిందువు (భూమి, చంద్రుల ఆకర్షణ వల్ల వస్తువు చంద్రుడితో పాటే కదిలే స్థానం) చుట్టూ తిరిగేలా క్వెచియావో అనే రిలే ఉపగ్రహాన్ని 2018 మేలోనే పంపి పెట్టారు. స్పేర్ ల్యాండర్ చేతిలో ఉంది కాబట్టే ఇంత సాహసానికి ఒప్పుకున్నారు. కొత్తగా కట్టాల్సి వస్తే, తెలిసిన చోటే మరోసారి దిగడానికి మొగ్గు ఉండేది.

ఇదే వరస చాంగె-5, చాంగె-6లలో మళ్లీ కనిపిస్తుంది. 2020 డిసెంబరు 17న చాంగె-5 1,731 గ్రాముల చంద్ర శిలలు, మట్టి తెచ్చింది. వాటిలోని బసాల్ట్ (లావా గడ్డకట్టిన రాయి) వయసు సుమారు 200 కోట్ల ఏళ్లని తేలింది. అమెరికా అపోలో యాత్రలు తెచ్చిన శిలల కంటే చాలా చిన్న వయసు. దాని స్పేర్ చాంగె-6 ఆవలి వైపు అపోలో బేసిన్‌లో దిగి, 2024 జూన్ 25న 1,935.3 గ్రాములతో ఇన్నర్ మంగోలియాలో నేలకు చేరింది. ఆవలి వైపు మట్టి మనిషి చేతికి రావడం అదే మొదటిసారి.

చాంగె-5 తిరిగొచ్చిన పద్ధతి ఇంకో కారణం వల్ల కూడా గమనించదగ్గది. 1970లో సోవియట్ లూనా-16 చంద్రుడి నేల మీద నుంచే భూమికి నేరుగా ఎగిరి 101 గ్రాములు తెచ్చింది. చాంగె-5 అలా రాలేదు. నాలుగు భాగాల నౌక అది: ఆర్బిటర్, ల్యాండర్, పైకి లేచే అసెండర్, భూమికి దిగే క్యాప్సూల్. అసెండర్ చంద్రుడి మీద నుంచి లేచి, కక్ష్యలో తిరుగుతున్న ఆర్బిటర్‌కు మనిషి లేకుండా అతుక్కుని, నమూనా డబ్బాను అందించి విడిపోయింది. భూమికి దిగాల్సిన వేడి కవచాన్ని చంద్రుడి నేల దాకా దించి మళ్లీ లేపే భారం తప్పుతుంది కనుక ఎక్కువ మట్టి తేవచ్చు. అయినా రెండు కిలోల కోసమే అయితే ఇంత చిక్కు అక్కర్లేదు. మనుషులు చంద్రుడి నుంచి తిరిగొచ్చే క్రమం కూడా ఇదే. చాంగె-5, 6 రెండూ ఆ క్రమానికి మనుషులు లేని రిహార్సళ్లు.

స్పేర్ పనికిరాని చోటు

2017 జులై 2న లాంగ్‌మార్చ్-5 తన రెండో ప్రయోగంలో విఫలమైంది. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌తో నడిచే వైఎఫ్-77 ఇంజిన్‌లో ఇంధనాన్ని నెట్టే టర్బోపంపు భాగంలో, టర్బైన్ నుంచి వాయువు బయటికి పోయే నిర్మాణం వేడి పరిస్థితులకు తట్టుకోలేకపోయిందని విచారణలో తేలింది. డిజైన్ మార్చారు. నేల పరీక్షల్లో మళ్లీ సమస్యలు వచ్చాయి. మళ్లీ మార్చారు. రాకెట్ తిరిగి ఎగిరింది 2019 డిసెంబరు 27న, 908 రోజుల తర్వాత.

ఇక్కడ రెండో ప్రతి ఏమీ చేయలేకపోయింది. ఒకే డిజైన్‌తో కట్టిన రెండు రాకెట్లలో లోపమూ ఒకటే ఉంటుంది. 2017లోనే వెళ్లాల్సిన 8.2 టన్నుల చాంగె-5 మూడేళ్లు ఎదురుచూసింది. అదే ఇంజిన్ వాడే లాంగ్‌మార్చ్-5బి మీద ఎక్కాల్సిన అంతరిక్ష కేంద్రం భాగాలూ ఆగిపోయాయి. తియాన్‌హె 2021 ఏప్రిల్ 29న, వెన్‌తియాన్ 2022 జులైలో, మెంగ్‌తియాన్ అక్టోబరు 31న వెళ్లి టి ఆకారపు కేంద్రం పూర్తయింది. నౌకలకు స్పేర్ ఉంది కానీ, వాటిని మోసే భారీ రాకెట్‌కు ప్రత్యామ్నాయం లేదు. చైనా పథకంలో అతి బలహీనమైన లంకె అప్పట్లో ఇదే. ఇప్పుడూ ఆ లంకె భారీ రాకెట్ల దగ్గరే ఉంది.

లాంగ్‌మార్చ్-5బికి మరో లోపం ఉంది. కేంద్రం భాగాలను మోసినప్పుడు దాని ప్రధాన దశ కూడా కక్ష్యలోకి వెళ్లి, ఇంజిన్‌ను మళ్లీ మండించే ఏర్పాటు లేక ఎక్కడ పడుతుందో తెలియకుండా పడింది. 2021 మేలో మాల్దీవుల దగ్గర హిందూ మహాసముద్రంలో పడింది అలాంటి దశే. 20 టన్నులకు పైగా బరువున్న దశను అలా వదిలేయడాన్ని సమర్థించడం కష్టం.

శ్రీహరికోట నుంచి చూస్తే

చైనా నౌకలు ఐదు రోజుల్లో చంద్రుడిని చేరితే మన చంద్రయాన్-3కు అన్ని రోజులు ఎందుకు పట్టాయన్న ప్రశ్న 2023లో బాగా వినిపించింది. జవాబు రాకెట్ మోత సామర్థ్యంలో ఉంది. చంద్రయాన్-3 బరువు 3,900 కిలోలు. దాన్ని మోసిన ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 భూస్థిర బదిలీ కక్ష్యకు (ఉపగ్రహాలు సొంత ఇంజిన్‌తో ఇంకా పైకి వెళ్లడానికి వాడే సాగిన కక్ష్య) మోయగలిగేది సుమారు 4 టన్నులు. అందుకే జులై 14న శ్రీహరికోట నుంచి లేచిన నౌక భూమి చుట్టూ తన కక్ష్యను అంచెలంచెలుగా పెంచుకుంటూ ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలో చేరింది. లాంగ్‌మార్చ్-5 అదే బదిలీ కక్ష్యకు సుమారు 14 టన్నులు మోస్తుంది. చాంగె-6ను నేరుగా చంద్రుడి దారిలోకి నెట్టగలిగింది.

ఈ తేడాను భారత్ దాటాలనుకుంటున్న దారి వేరు. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,104.06 కోట్ల రూపాయలతో ఆమోదించిన చంద్రయాన్-4 నమూనాలు తేవాలి. దాని బరువు సుమారు 9.2 టన్నులు. ఒక్క రాకెట్ మోయలేదు కాబట్టి రెండు ఎల్‌వీఎం3లలో పంపి కక్ష్యలో కలపాలి. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లి 2025 జనవరి 16న ఒకదానికొకటి అతుక్కున్న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు ఈ పనికి తొలి మెట్టు. పెద్ద రాకెట్ కోసం ఆగకుండా చిన్న రాకెట్లతోనే మొదలుపెట్టడం దీని బలం. ప్రతి అతుకూ ఒక కొత్త వైఫల్య స్థానం కావడం దీని బలహీనత.

చంద్రయాన్-2 ల్యాండర్ కూలిన తర్వాత చంద్రయాన్-3 దిగడానికి నాలుగేళ్లు పట్టింది. స్పేర్ ఉండి ఉంటే త్వరగా వెళ్లేవాళ్లమన్న వాదన పూర్తిగా సరికాదు. సాఫ్ట్‌వేర్, ఇంజిన్ నియంత్రణ, కాళ్ల దృఢత్వం మార్చకుండా అదే ప్రతిని పంపితే అదే ఫలితం వచ్చే ప్రమాదం ఉండేది. లాంగ్‌మార్చ్-5 నేర్పిన పాఠం ఇక్కడా వర్తిస్తుంది. కాకపోతే సిద్ధంగా ఉన్న ప్రతిని సవరించడం, మొదటి నుంచి కట్టడం కంటే ఎప్పుడూ తక్కువ పనే.

సంస్థల తీరులోనూ తేడా ఉంది. మన దగ్గర రాకెట్, ఉపగ్రహం, ప్రయోగం అన్నీ ప్రధానంగా ఇస్రో గొడుగు కిందివి. చైనాలో చంద్ర, గ్రహ యాత్రలకు బయటి ప్రపంచానికి కనిపించే ముఖం జాతీయ అంతరిక్ష పరిపాలన సంస్థ; మనుషుల యాత్రలు చూసేది, సైన్యంతో ముడిపడిన మానవ సహిత అంతరిక్ష సంస్థ; రాకెట్లు, నౌకల్లో అత్యధిక భాగం కట్టేది కాస్క్ అనే ప్రభుత్వ కంపెనీ.

అంగారకుడు, గ్రహశకలాలు

2021 మేలో తియాన్‌వెన్-1 అంగారకుడి మీద జూరోంగ్ రోవర్‌ను దించింది. 90 అంగారక దినాలకు ఉద్దేశించిన రోవర్ 1,921 మీటర్లు నడిచి, 2022 మేలో శీతాకాల నిద్రలోకి వెళ్లి మళ్లీ లేవలేదు. సౌర ఫలకాల మీద పేరుకున్న దుమ్మే కారణమని భావిస్తున్నారు. 2025 మేలో బయలుదేరిన తియాన్‌వెన్-2 కామోఒఆలెవా అనే చిన్న గ్రహశకలం నుంచి నమూనాలను 2027 చివర్లో భూమికి చేర్చి, తర్వాత ఒక తోకచుక్క స్వభావపు శకలం వైపు సాగాలి. కామోఒఆలెవా వ్యాసం వంద మీటర్లకు మించదు, 28 నిమిషాలకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అంత చిన్న, వేగంగా తిరిగే వస్తువు మీద నిలవడమే అసలు పరీక్ష.

అన్నిటికంటే పెద్ద పందెం తియాన్‌వెన్-3. 2028 ప్రాంతంలో రెండు లాంగ్‌మార్చ్-5లు ఎగరాలి. ఒకటి ల్యాండర్‌ను, అసెండర్‌ను మోస్తుంది, మరొకటి ఆర్బిటర్‌ను, భూమికి తిరిగొచ్చే భాగాన్ని. నేలను రెండు మీటర్ల లోతు తవ్వి, కనీసం 500 గ్రాములు 2031 ప్రాంతంలో తేవాలన్నది లక్ష్యం. క్రమం చాంగె-5దే. కానీ చంద్రుడి నుంచి సంకేతం 1.3 సెకన్లలో వస్తే, అంగారకుడి నుంచి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. కక్ష్యలో అతుకు పెట్టడం పూర్తిగా నౌకల సొంత తెలివితోనే జరగాలి. నాసా ఇదే పనికి 1,100 కోట్ల డాలర్ల దాకా అవుతుందన్న అంచనా చూసి 2024లో తన ప్రణాళికను పక్కనపెట్టి కొత్త దారులు వెతకడం మొదలుపెట్టింది. అయితే రెండూ ఒకే స్థాయి పనులు కావు. అమెరికా రోవర్ కిలోమీటర్ల మేర తిరిగి రకరకాల శిలలను ఏరి పెట్టింది. చైనా దిగిన చోటా, దాని చుట్టుపక్కలా దొరికింది తెస్తుంది.

వేల ఉపగ్రహాలకు ఒక్కసారి వాడి పారేసే రాకెట్లు చాలవు

చైనా రెండు పెద్ద ఇంటర్నెట్ ఉపగ్రహ సమూహాలను మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆధ్వర్యంలోని గువోవాంగ్ సుమారు 13 వేల ఉపగ్రహాలకు దరఖాస్తు చేసింది. షాంఘై కేంద్రంగా నడిచే చియాన్‌ఫాన్ లక్ష్యం 15 వేలు. ఫ్రీక్వెన్సీలు దక్కాలంటే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ గడువులు పాటించాలి. తొలి ఏడేళ్ల వ్యవధి ముగిశాక రెండేళ్లలో 10 శాతం, ఐదేళ్లలో సగం, ఏడేళ్లలో మొత్తం కక్ష్యలో ఉండాలి. తప్పితే హక్కు ఉన్న ఉపగ్రహాల సంఖ్య తగ్గిపోతుంది.

2025లో చైనా మొత్తం మీద 90కి పైగా ప్రయోగాలు చేసింది, ఆ దేశానికి అదే రికార్డు. అదే ఏడాది అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 ఒక్కటే 160కి పైగా ఎగిరింది. ఫాల్కన్-9 మొదటి దశ దిగి మళ్లీ ఎగురుతుంది. లాంగ్‌మార్చ్‌లు ఒక్క ప్రయాణంతో ముగిసిపోతాయి.

తేడా పూడ్చే ప్రయత్నాలు 2025 డిసెంబరులో వరసగా రెండు జరిగాయి. ల్యాండ్‌స్పేస్ కంపెనీ మీథేన్ రాకెట్ జూచ్వే-3 డిసెంబరు 3న తొలి ప్రయోగంలోనే కక్ష్యకు చేరింది, కానీ మొదటి దశ దిగే చివరి ఘట్టంలో మంటలు చెలరేగి కూలిపోయింది. డిసెంబరు 23న ప్రభుత్వ రాకెట్ లాంగ్‌మార్చ్-12ఎ కథా అంతే: పైదశ కక్ష్యకు చేరింది, మొదటి దశ దక్కలేదు.

దిగే దశకు కష్టమంతా చివరి నిమిషంలోనే. ఇంజిన్లు ధ్వని వేగాన్ని మించిన ఎదురుగాలిలో తిరిగి మండాలి. ట్యాంకుల అడుగున మిగిలిన కొద్దిపాటి ఇంధనం కుదుపులకు పక్కలకు పోకుండా పైపులకు అందాలి. దాదాపు ఖాళీ అయిన దశ చాలా తేలిక కాబట్టి, థ్రస్టును (తోపుడు బలాన్ని) సన్నగా తగ్గించలేని ఇంజిన్‌తో నిలకడగా దించడం కుదరదు. వీటిని నేల మీద పూర్తిగా పరీక్షించలేరు. ఎగరేసి, కూల్చి, సవరించి, మళ్లీ ఎగరేయాలి. వైఫల్యాన్ని వీలైనంత దూరం పెట్టేలా పెరిగిన ప్రభుత్వ పద్ధతికి ఇది కొత్త. 2014 తర్వాత అనుమతి వచ్చిన ప్రైవేటు కంపెనీలు ఈ విషయంలో ముందుండడానికి అదొక కారణం. వాటి తొందరకూ మూల్యం ఉంది. 2024 జూన్ 30న హెనాన్ రాష్ట్రంలో తియాన్‌లాంగ్-3 మొదటి దశను నేలకు బిగించి మండిస్తుండగా, బిగింపు తెగి అది గాల్లోకి లేచి కొండల్లో పడింది.

2030 చంద్ర యాత్ర: రెండు రాకెట్లు, ఒక అతుకు

చంద్రుడి మీదికి ఇద్దరిని దించే ప్రణాళికలో మూడు ముఖ్య భాగాలున్నాయి. లాంగ్‌మార్చ్-10 రాకెట్ 92.5 మీటర్ల ఎత్తు, లేచేటప్పుడు మూడు స్తంభాల్లో 21 ఇంజిన్లు, చంద్రుడి దారిలోకి కనీసం 27 టన్నుల మోత. రెండోది మనుషుల నౌక మెంగ్‌జౌ. మూడోది ల్యాండర్ లాన్‌యుయె, బరువు సుమారు 26 టన్నులు.

అపోలోను మోసిన సాటర్న్-5 45 టన్నులకు పైగా చంద్రుడి వైపు పంపేది, కాబట్టి ఒక్క ప్రయోగం సరిపోయేది. చైనాకు రెండు కావాలి. మొదట లాన్‌యుయె వెళ్లి చంద్రుడి కక్ష్యలో వేచి ఉంటుంది. తర్వాత ముగ్గురితో మెంగ్‌జౌ వెళ్లి దానికి అతుక్కుంటుంది. ఇద్దరు ల్యాండర్‌లోకి మారతారు, ఒకరు పైన ఉంటారు. కిందికి దిగేటప్పుడు ఎక్కువ భాగం బ్రేకు వేసేది లాన్‌యుయె కింద ఉండే ప్రొపల్షన్ భాగం. నేల దగ్గరపడ్డాక అది విడిపోతుంది, ల్యాండర్ సొంత ఇంజిన్లతో దిగుతుంది. పని ముగించుకుని లేచి మళ్లీ మెంగ్‌జౌకు అతుక్కుంటుంది. అమెరికా చంద్ర యాత్రల పథకం ఆర్టెమిస్‌లో స్పేస్‌ఎక్స్ స్టార్‌షిప్ ల్యాండర్‌కు భూకక్ష్యలో పలు ట్యాంకర్ ప్రయోగాలతో అతిశీతల ఇంధనం నింపాలి. చైనా పథకంలో ఆ మెట్టు లేదు. అందుకు ప్రతిగా, దించగలిగే బరువు చాలా తక్కువ.

2025లో పరీక్షలు వేగంగా సాగాయి. జూన్ 17న జియుక్వాన్‌లో మెంగ్‌జౌ ప్రయోగ వేదిక మీద నుంచే తప్పించుకునే పరీక్ష జరిగింది. షెన్‌జౌలో తప్పించే బాధ్యత రాకెట్‌ది; మెంగ్‌జౌలో ఆ నిర్ణయమూ నియంత్రణా నౌకవే. ఆగస్టు 6న హెబెయ్ రాష్ట్రం హువాయ్‌లాయ్‌లో, చంద్రుడి ఆకర్షణను అనుకరించే భారీ గోపురానికి కట్టి లాన్‌యుయెను దించి, లేపి చూశారు. ఆగస్టు 15న, సెప్టెంబరు 12న వెన్‌చాంగ్ ప్రయోగ కేంద్రంలో లాంగ్‌మార్చ్-10 మొదటి దశ ఏడు ఇంజిన్లను ఒకేసారి మండించారు.

ఈలోగా మనుషులు లేని నౌకలు దక్షిణ ధ్రువాన్ని చూసి రావాలి. 2026కు అనుకున్న చాంగె-7లో ఆర్బిటర్, ల్యాండర్, రోవర్‌తో పాటు, ఎండ ఎన్నడూ పడని గుంతలోకి దూకి మంచు వెతికే చిన్న హాపర్ ఉంటుంది. తర్వాతి చాంగె-8 చంద్ర మట్టితోనే ఇటుకల్లాంటివి తయారుచేసి చూస్తుంది. రష్యాతో 2021లో ఒప్పందం చేసుకున్న పరిశోధన కేంద్రం ప్రాథమిక రూపానికి గడువు 2035.

పేర్చిన తీరు పక్కాగా ఉంది. అయినా పూర్తి మూడు స్తంభాల లాంగ్‌మార్చ్-10 విశ్వసనీయతను కొద్ది ప్రయోగాల్లోనే నిరూపించుకోవాలి. 2017లో లాంగ్‌మార్చ్-5కు వచ్చినలాంటి ఇంజిన్ లోపం 2028లోనో 2029లోనో బయటపడితే, 2030 గడువు నిలవదు. సర్దుబాటుకు అప్పటికి మిగిలే సమయం, లాంగ్‌మార్చ్-5కు పట్టిన 908 రోజుల కంటే తక్కువ.

చంద్రుడి కక్ష్యలో మెంగ్‌జౌకే ఏదైనా అయితే ఏం చేయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. భూకక్ష్యలో ఆపద వస్తే షెన్‌జౌ మూడున్నర గంటల్లో కేంద్రాన్ని అందుకోగలదు, వేచి ఉండడానికి గాలి, నీరు, ఆహారం ఉన్న కేంద్రం ఉంది. చంద్రుడి దగ్గర అలాంటి ఆశ్రయం లేదు. స్టాండ్‌బై పద్ధతిని అక్కడికి విస్తరించాలంటే మూడో లాంగ్‌మార్చ్-10, మూడో నౌక, వాటిని రోజుల వ్యవధిలో ఎగరేయగల ప్రయోగ వేదిక సిద్ధంగా ఉండాలి. ఆ రాకెట్ వెళ్లడానికే మరికొన్ని రోజులు పడుతుంది. అందుకే ఈ యాత్రలో భద్రత స్పేర్ నౌకల నుంచి కాక నౌకలోపలి జంట వ్యవస్థల నుంచి రావాలి: ఒక ఇంజిన్ ఆగితే మిగిలినవి మోయగలగడం, ల్యాండర్ దిగే దారిలో ఎక్కడినుంచైనా తిరిగి పైకి లేవగలగడం, మెంగ్‌జౌ ల్యాండర్‌తో కలవకుండానే వెనక్కి రాగలగడం. వచ్చే నాలుగేళ్ల పరీక్షల్లో గమనించాల్సింది రాకెట్ ఎత్తు, థ్రస్టు అంకెలను కాదు, ఈ మూడింటిని.